పైడమ్మ గంట

పైడమ్మకు భయమేస్తే, పద్నాలుగు మైళ్ళ అవతల సముద్రం మీద గంట మోగుతుంది.

కొత్తగా వచ్చినవాళ్ళకు ఈ మాట చెబితే నవ్వుతారు. గరికిపేట వాళ్ళు నవ్వడం మానేసి విసుక్కోవడం మొదలుపెట్టి ఆరు నెలలైంది. ఎందుకంటే పైడమ్మది ఒకసారి వేసి ఊరుకునే భయం కాదు. వాన వస్తే పిడుగు పడుతుందని, రాకపోతే వడగాలి కొడుతుందని. పెళ్ళయిన దగ్గర్నుంచి మొగుడు పోలయ్యను సముద్రం మింగేస్తుందని ముప్పై ఏళ్ళు గుండె చేత్తో పట్టుకుని బతికింది. సముద్రం అతన్ని ఏమీ చేయలేదు. పచ్చకామెర్లొచ్చి, మంచం మీద, పొడినేల మీద పోయాడు. తను కాపలా కాసిన గుమ్మం వదిలేసి దొంగ పెరటి దారిన వచ్చినట్టయింది పైడమ్మకు. అప్పట్నుంచి అన్ని దిక్కులకూ భయపడడం నేర్చుకుంది.

మిగిలింది ఒక్క కొడుకు, ఎల్లాజీ. వాడిదీ అదే సముద్రం, అదే వేట.

కొండ మీద తీరరక్షణ కేంద్రం పెట్టిన కొత్తలో పైడమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని అక్కడికి బేరానికి వెళ్ళింది. లోపల కాలేజీ పిల్లలు తెరల ముందు కూర్చుని సముద్రాన్ని చూస్తున్నారు. తనూజ అనే ఇంజనీరమ్మ వాళ్ళ వెనక తిరుగుతూ తల పట్టుకుంటోంది. పెద్ద ఓడలు ఎక్కడున్నాయో వాటంతటవే చెప్పుకుంటాయి, పటం మీద చుక్కలై కదులుతాయి. వేట బోట్లు చెప్పుకోవు. నీళ్ళకు మూరెడు పైన తేలే ఫైబరు బోటు ఓడల రాడారుకు ఇంకో అలలాగే ఉంటుంది. అందుకని తనూజ బోట్ల మీద ఒక్కో పెట్టె బిగించింది. ఆ పెట్టె బోటు జాడ చెబుతుంది, పైనున్న కన్నుతో నాలుగు పక్కలా చూస్తుంది. ఆ చూపును ఒడ్డునుంచి ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. యంత్రానికి అప్పజెబితే నురగను ఓడంటోంది, ఓడను మబ్బంటోంది. మనుషులకు అప్పజెబితే ఇరవై నిమిషాలకల్లా కళ్ళు తెరుచుకునే ఉంటున్నాయి గానీ వాటిలో చూపు ఉండట్లేదు.

పైడమ్మ గంప దించకుండానే తెరవైపు చూసి, "ఓలమ్మా, ఆ బోటుకి అడ్డంగా ఏటో వొత్తంది సూడండి," అంది.

ఎవరికీ ఏమీ కనబడలేదు. నాలుగు నిమిషాల తర్వాత మంచులోంచి, ఓడలను లాగే టగ్గు ముక్కు బయటికి వచ్చింది.

ఆ రోజు తనూజ చేపలు కొనలేదు. పైడమ్మను కుర్చీలో కూర్చోబెట్టింది, నుదుటికి పట్టీ కట్టింది. కంటికి కనబడ్డది మనసుకు తెలిసేలోపు మనిషి లోపల ఎక్కడో ఏదో ఉలిక్కిపడుతుందట. ఆ ఉలికిపాటు పట్టీకి దొరుకుతుంది. దొరికిన క్షణంలో అక్కడ బోటు మీద గంట మోగుతుంది. పరాయివాళ్ళ బోటు చూస్తే ఆ ఉలికిపాటు బద్ధకంగా వస్తోంది, తనవాళ్ళున్న బోటయితే నిప్పు తొక్కినట్టు వస్తోంది. రోజూ సాయంత్రం ఒడ్డున నిలబడి, నడకను బట్టి ఏ బోటు ఎవరిదో మైలు దూరాన్నే చెప్పే ఆడవాళ్ళకు అది పుట్టుకతో వచ్చిన విద్య.

"మీ భయం వృథా పోకూడదమ్మా," అంది తనూజ.

తన భయం గురించి ఒక మనిషి మంచిమాట అనడం పైడమ్మ జీవితంలో అదే మొదటిసారి.

అలా తొమ్మిదిమంది ఆడవాళ్ళు చేరారు. అందులో వీధి చివర రాములమ్మ ఒకతి. భోజనం చేశాక కునుకు తీయకుండా ఉండలేదు. ఒకరోజు కునుకులో పీడకల వచ్చి ఉలిక్కిపడితే, సముద్రం మీద ఆమె కొడుకు బోటులో గంట మోగి, వాళ్ళు వల వదిలేసి ఇంజను తిప్పారు. తనూజ ఆ సాయంత్రమే పద్ధతి మార్చింది. రెప్పలు మూసి ఉంటే గంట మోగదు. తెరిచి చూసి భయపడితేనే మోగుతుంది.

అంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా పైడమ్మతో వచ్చింది.

*

"పదకొండు సార్లమ్మా," అన్నాడు ఎల్లాజీ, చేతులు కడుక్కోకుండానే గుమ్మంలో నిలబడి. "పొద్దున్నించి పదకొండు సార్లు మోగించినావు. నానేటి బోటు నడపమంతావా, గుడి నడపమంతావా?"

"నల్లటిదేదో తేల్తంటే మోగింది."

"డ్రమ్ము. ఎవుడో పారేసిన డ్రమ్ము."

"డ్రమ్ము గుద్దితే బోటు పగల్దేటి?"

"మరి కొంగలకి మోగించినావు కదా. కొంగలు గుద్దుతాయేటి?"

వెనకాలే వస్తున్న ఎర్రయ్య నవ్వాడు. పైడమ్మ తమ్ముడతను, ఎల్లాజీకి మేనమామ, బోటులో జతగాడు. "ఒరే అల్లుడూ, మా అప్ప సిన్నప్పుడు ఇంట్లో దీపం ఆరిపోతే సూరీడు సచ్చిపోనాడని ఏడ్సింది. నువ్వు అదృష్టమంతుడివి. పదకొండుతో వొగ్గేసింది."

"నవ్వండి," అంది పైడమ్మ. "ముందర కూకునోడు ఎవుడు? సెప్పండి. మీ అయ్య రోజుల్లో ఒకడు ముందర కూకునీవాడు, వల ముట్టుకోకుండా, సముద్రం సూడ్డమే పని. ఇప్పుడెవుడు సూత్తన్నాడు?"

అది నిజమే. పోలయ్య రోజుల్లో వల లాగుతున్నంతసేపూ ఒకడు ముక్కు దగ్గర కూర్చుని చుట్టూ చూడ్డం ఆచారం. కన్ను వచ్చాక ఆ మనిషి కూడా వల లాగుతున్నాడు. ఒడ్డున చూసేవాళ్ళున్నారు కదా.

"నువ్వే సూత్తన్నావు కదమ్మా," అన్నాడు ఎల్లాజీ. "సూడు. కాకపోతే కాత్త తక్కువ సూడు."

తక్కువ చూడ్డం ఎలాగో పైడమ్మకు తెలియదు.

తెలియదని కేంద్రం కూడా కనిపెట్టింది. మోగిన గంటల్లో ఎన్ని నిజమో ఎన్ని ఉత్తివో లెక్కగట్టి, ఒక్కొక్కరికి నూటికి ఇంత నమ్మకమని అంకె వేశారు. నమ్మకం తగ్గినకొద్దీ గంట బిగుసుకుపోతుంది. అంటే, మిగతావాళ్ళకంటే రెండింతలో మూడింతలో భయపడితేనే మోగుతుంది. అయిదో తరగతి దాకా చదివింది కాబట్టి గోడ మీది కాగితం పైడమ్మే చదువుకుంది. తనకు ముప్పై ఒకటి. రాములమ్మకు ఎనభై ఎనిమిది.

"తల్లీ, ఇదేటి? కునుకు తీసేదానికి ఎనబై ఎనిమిదీ, కళ్ళు కాయలు కాసేలాగ సూసేదానికి ముప్పై ఒకటీనా?"

"ఆవిడ మోగిస్తే మనవాళ్ళు తల తిప్పుతున్నారమ్మా. మీరు మోగిస్తే తిప్పడం మానేశారు." తనూజ అసలు మాట చెప్పింది. "రేపటినుంచి ఎల్లాజీ బోటు రాములమ్మగారు చూస్తారు. మీకు భీమిలి అవతలి గురువులుగారి బోటు ఇస్తున్నాం. కొన్నాళ్ళే. పైనుంచి ఆర్డరు."

"నా కొడుకుని రాములమ్మ సూత్తాదా?"

"బాగానే చూస్తారు."

"అది పొయ్యి మీద పాలే సూడదు తల్లీ."

ఆర్డరు ఆర్డరే. పైడమ్మ గురువులు బోటు ముందు కూర్చుంది. ముసలి సరంగు, తెల్లటి మీసం, ఎప్పుడూ నోట్లో ఆరిపోయిన చుట్ట. మంచివాడిలాగే ఉన్నాడు. ఓడలు వచ్చాయి, పోయాయి. పట్టీ మాత్రం నిద్రపోయింది. రెండోరోజు తనూజ వచ్చి, "మీరు చూడట్లేదమ్మా," అంది.

"సూత్తన్నాను. కానీ ఆ ముసిలాయనెవరో నాకు తెల్దు. తెలీనోడి కోసరం ఎంతని బయపడను?"

భయపడితే ఎక్కువైందన్నారు. భయపడకపోతే తక్కువైందంటున్నారు. మనిషి గుండె కిరసనాయిలు స్టవ్వా, కావలసినంత మంట పెట్టుకోడానికి? పైడమ్మ నాలుక చివరిదాకా వచ్చిన మాట మింగేసి, రోజంతా రాములమ్మ తెరవైపే మెడ సాచి కూర్చుంది. రాత్రికి మెడ పట్టేసింది.

*

తనూజ చదువుకున్న పిల్ల, కానీ ఊరిది కాదు. బోట్లు ఎక్కడున్నాయో అంకెల్లో చెప్పే పలకను, తెరల ముందు కూర్చునే ఆడవాళ్ళకు కనబడకుండా దాచింది, ఒకరి వేటచోటు ఇంకొకరికి తెలియకూడదని. తెలివైన పనే. కానీ కన్ను కొండలను దాచలేదు. ఏ కొండ వెనక నుంచి ఏ కొండ ఎంత తొంగిచూస్తే ఆ నీటి అడుగున ఏ రాళ్ళున్నాయో గరికిపేటలో ఎవరికి తెలియదు? తాతల నాటినుంచి వేటచోటుకు గుర్తు అదే. ఆ గుర్తును అన్నదమ్ములకు కూడా చెప్పరు.

రాములమ్మ చూపు పనికి కునుకు తీస్తుంది గానీ ఈ పనికి మెలకువగా ఉంటుంది. ఎల్లాజీకి కోనాం చేపలు బుట్టలకొద్దీ పడ్డ మర్నాడే రాములమ్మ కొడుకు బోటు సరిగ్గా అదే రాళ్ళ మీద వల వేసింది.

ఎల్లాజీ ఇంటికొచ్చి గోడను గుద్దాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు, "అమ్మా, మన పెద్ద అన్నం గిన్నె ఇయ్యి. బోటులోది సిల్లడిపోనాది," అన్నాడు.

పైడమ్మ సంతోషంగానే ఇచ్చింది. బోటులో తన గిన్నెలో అన్నం ఉడుకుతుందంటే తనే సగం అక్కడున్నట్టు. పెద్ద అల్యూమినియం గిన్నె, అంచున ఒకచోట సొట్ట. పోలయ్య పోయిన రోజు చేతిలోంచి జారి గచ్చు మీద పడ్డప్పటిది.

నాలుగు రోజులు గడిచాయి. అయిదోనాడు పొద్దున్న తొమ్మిదిన్నరప్పుడు ఎండ నీళ్ళమీద తెల్లగా కాస్తోంది. దూరం అంతా పలుచటి పొగలా ఉంది. మెడ పట్టు వదిలి పైడమ్మ పక్కకు తిరిగి చూసేసరికి రాములమ్మ తెర ఎప్పట్నుంచో నల్లబడి ఉంది.

"ఏటే అది? ఏటైంది?" అంది పైడమ్మ.

"ఏటీ అవలేదు. రోజూ ఈ ఏలకి ఇలాగే అవుతాది. ఏటో మూత పెట్టేత్తారు. బోజనాలనుకుంటాను." రాములమ్మ ఆవలించింది. "నాకూ అదే మంచిదిలే, కళ్ళకి రెస్టు."

పైడమ్మ లేచి ఆ తెర మీదికి వంగింది. పూర్తిగా నల్లగా లేదు. అంచున సన్నటి వెలుగు గీత, గుండ్రంగా. ఒక్కచోట మాత్రం ఆ గీత నెలవంకలా ఉబ్బింది. సొట్ట.

తన గిన్నె.

రోజూ పొద్దున్నే ఆ గిన్నెలో ఎంత అన్నం పడుతుందో అని లెక్కలేసుకుంటూ సంతోషపడింది. వాడు దాన్ని పెట్టె మీద బోర్లించి కూర్చుంటున్నాడు, కొండలు కనబడకుండా. పెట్టె మీద అల్యూమినియం బోర్లిస్తే కన్నొక్కటే కాదు, ఆకాశం నుంచి అందే జాడ కూడా పోతుంది. అది వాడికి తెలుసో తెలియదో.

"తల్లీ, మా వోడు పెట్టి మీద నా గిన్నె బోర్లించినాడు. బోటు పటం మీద ఉన్నాదా?"

తనూజ పెద్ద పటం దగ్గర నిలబడి ఉంది. "ఉందమ్మా. ఇదిగో." వేలు పెట్టిన చుక్క పసుపు రంగులో ఉంది. పసుపంటే పాతది. "నలభై నిమిషాల కిందటి జాడ. సిగ్నలు పోయుంటుంది. సాయంత్రం వచ్చాక మాట్లాడతాను."

"సాయంత్రం కాదు తల్లీ, ఇప్పుడు మాట్లాడు."

"ఫోను అందదమ్మా అంత దూరం. గంట మోగించినా గిన్నె కిందే మోగుతుంది. వినబడదు." తనూజ గొంతులో విసుగు వినబడింది. "కాసేపే కదా మూస్తున్నారు. మీరు మీ బోటు చూడండి. పట్టీ పెట్టుకోండి."

తన బోటు. పైడమ్మ వచ్చి కూర్చుని పట్టీ బిగించుకుంది. గురువులు బోటు ఇంజను ఆపి వల వేసుకుని ఉంది. ఆయన చుట్ట నోట్లోనే ఉంది. ఆయన భుజం మీదుగా, మైలు దూరంలో, ఒక చుక్క. ఇంకెవరికైనా అది చుక్కే. పైడమ్మకు దాని నడక తెలుసు, అల ఎక్కినప్పుడు ఎడమకు కాస్త ఒరిగి లేస్తుంది. ఆకుపచ్చ టార్పాలిను, మధ్యలో పసుపు అతుకు. ఆ అతుకు తను కుట్టిందే.

ఆ బోటు వెనక పొగ కాస్త నల్లగా ఉంది. ఉండకూడనంత నల్లగా. చూస్తుండగా ఆ నలుపుకు నిటారుగా ఒక అంచు వచ్చింది.

గురువులు బోటు మీద గంట మోగింది.

"తల్లీ, ఓడ," అంది పైడమ్మ. అరవలేదు.

తనూజ పటం చూసింది. పోర్టుకు వచ్చే బొగ్గు ఓడ ఒకటి ఉంది అక్కడ, చుట్టూ ఖాళీ నీళ్ళు. తర్వాత గురువులు తెర చూసింది. రంగు మారిన మొహంతో రేడియో అందుకుంది. పిలిచింది, మళ్ళీ పిలిచింది. మూడోసారికి ఓడ పలికింది. తనూజ ఇంగ్లీషులో మాట్లాడుతూ మధ్యలో మొహం తుడుచుకుంటోంది.

"ఏటంతన్నారు?"

"వాళ్ళ తెర మీద ఏ పడవా లేదంటున్నారు. ఎక్కడో అంకెల్లో చెప్పమంటున్నారు."

"సెప్పు మరి."

"చెప్పాను. పసుపు చుక్క దగ్గరని. అక్కడేమీ లేదంటున్నారు." తనూజ పటం మీదికి వంగింది. "నిజమే. నలభై నిమిషాల్లో వలతో పాటు కొట్టుకుపోయి ఉంటుంది. ఇప్పుడు ఎక్కడుందో నాకూ తెలియదు."

"నాకు కనబడ్తంది కదా."

"మీకు కనబడేది వాళ్ళకు అంకెల్లో కావాలమ్మా."

గంట మోగుతూనే ఉంది, మోగాల్సిన బోటు మీద కాదు. గురువులు లేచి చుట్టూ చూశాడు. ఓడ తన దారిలో లేదు, దాని వైపు ఒక్క చూపు చూసి వదిలేశాడు. చుట్ట తీసి ఏదో తిట్టాడు. తర్వాత గంట మీట కోసం చెయ్యి చాచాడు. తెరంతా ఆయన అరచెయ్యే అయిపోయింది.

ఆ ఒక్క గంట తప్ప పైడమ్మకు సముద్రం మీద నోరు లేదు. అది ఆగకుండా మోగుతున్నంతసేపూ పిచ్చి గంటే. పిచ్చి గంటను ఎవడైనా ఆపేస్తాడు. ఎల్లాజీ తల తిప్పడం మానెయ్యలేదూ?

పోలయ్య చలికాలం మంచులో పళ్ళెం కొట్టేవాడు. ఊరూరా ఒకటే వరస. మూడు మోతలు, ఒక ఊపిరంత ఆపు. మళ్ళీ మూడు. నీ పక్కన ఇంకొకడున్నాడు, చూసుకో అని.

పైడమ్మ కళ్ళు మూసుకుంది.

గంట ఆగింది.

ఆ చీకట్లో ఓడ ఇంకా దగ్గరికి వచ్చింది. తెరిచింది, ఒక మోత. మూసింది. తెరిచింది, మూసింది. తెరిచింది. మూడు. ఇప్పుడు ఒక ఊపిరి.

ముప్పై ఏళ్ళు మొగుడి మీదినుంచి, ఇరవై ఆరేళ్ళు కొడుకు మీదినుంచి చూపు తిప్పని మనిషి. ఆ ఊపిరి ఎంత పొడుగో ఆమెకే తెలుసు. రెప్పలు వాటంతటవి లేచిపోతుంటే చేతివేళ్ళతో అదిమిపట్టింది. పక్కనుంచి రాములమ్మ, "ఓలమ్మా, పైడీ, కళ్ళు తెరవ్వే, వొచ్చేత్తందే," అని ఏడుస్తోంది.

మూడు. ఒక ఊపిరి. మూడు.

నాలుగో వరసకు తెరిచి చూసేసరికి అరచెయ్యి అడ్డం తొలగి ఉంది. గురువులు తల ఒక పక్కకు వంచి వింటున్నాడు. చిన్నప్పుడు ఏ మంచులోనో విన్నది ఇప్పుడు ఎర్రటి ఎండలో ఎందుకు వినబడుతోందా అన్నట్టు. ఇంజను పెట్టె మీదికి ఎక్కాడు. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని ఈసారి తన కోసం కాక పక్కవాడి కోసం చూశాడు.

చుట్ట నీళ్ళలో పడింది. ఆయన వల తాడు కోసేసి ఇంజను తిప్పడం, తెర ఊగిపోవడం, ఎర్ర తువ్వాలు గాలిలో ఎగరడం కనబడ్డాయి. చుక్క పెద్దదైంది. టార్పాలిను కింద నలుగురు వంగి వల లాగుతున్నారు, నలుగురి వీపులూ ఓడవైపే. ఒకడు తలెత్తాడు. ఎర్రయ్య. అతను వెనక్కి తిరిగి చూసి, కత్తి కోసం పరుగెత్తాడు.

ఆ తర్వాత ఇనుప గోడ వచ్చి తెరను కప్పేసింది. గోడ జరుగుతూనే ఉంది. ఓడలు ఎంత పొడుగుంటాయో పైడమ్మ ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆలోచించలేదు.

గోడ దాటాక నురగ. నురగలో బోటు అడుగు తెల్లగా, చచ్చిన చేప పొట్టలా. పైడమ్మ తలలు లెక్కపెట్టింది. ఒకటి. రెండు. పసుపు అతుకు పట్టుకుని మూడు. చాలాసేపు మూడే. అప్పుడు గురువులు వంగి జుట్టు పట్టుకుని నాలుగో తలను పైకి లాగాడు.

*

ఎల్లాజీకి చెవి దగ్గర గీరుకుంది, అంతే. వల తాడు కోస్తుండగా ఎర్రయ్య కుడిచెయ్యి తాడుకూ బోటు అంచుకూ మధ్య పడి నలిగిపోయింది. ఆస్పత్రిలో నాలుగు వేళ్ళు తీసేశారు. ఓడ ఆగలేదు. దానికి తెలిస్తే కదా ఆగడానికి.

మూడోరోజు పైడమ్మ పనికి వెళ్తే కుర్చీలో వేరే ఆమె కూర్చుని ఉంది. తనూజ బయటికి తీసుకొచ్చి మెట్ల మీద కూర్చోబెట్టింది.

"మీ నమ్మకం అంకె నాలుగుకు పడిపోయిందమ్మా. పదికి తగ్గితే యంత్రమే పేరు తీసేస్తుంది."

"ఎందుకు పడిపోనాది?"

తనూజ నేలవైపు చూస్తూ చెప్పింది. "ఆ రోజు గురువులుగారి బోటు మీద మీ గంట ముప్పై ఎనిమిది సార్లు మోగింది. ఆ బోటుకు ప్రమాదం ఏమీ లేదు కదా. అందుకని ముప్పై ఎనిమిదీ ఉత్తి గంటలుగా లెక్కేసింది. నేను రాశాను పైకి, రెండుసార్లు రాశాను. పద్ధతి ప్రకారం ఉత్తివే అంటున్నారు."

పైడమ్మకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆమెకే తెలియలేదు. "మరి మా వోడు బతికినాడు కదా. అది ఏ కాయితంలో రాసుకున్నారు?"

"ఏ కాగితంలోనూ లేదమ్మా. పోని ప్రాణానికి గడి లేదు."

కొండ కింద అలల చప్పుడు వినబడుతోంది. తనూజ చేతిలో ఆ రోజు పట్టీ గీసిన గీత ఉంది. దాన్ని చూపించకుండా ఉండలేకపోయింది. "ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు. ఇక్కడ చూడండి. మీరు కళ్ళు తెరిచినప్పుడు గీత ఇంత లేచింది. మూసుకున్నప్పుడు ఇంకా పైకి, కాగితం దాటిపోయింది. కనబడనప్పుడే ఎక్కువ భయపడ్డారు."

"అది తెలుసుకోడానికి మిషను కావాలేటి తల్లీ?" అంది పైడమ్మ, కొంగు దులుపుకుని లేస్తూ. "నన్నడిగితే సెప్పీదాన్ని కదా."

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో గిన్నె ఉంది. నీళ్ళలో తేలుతుంటే దొరికిందని గురువులు పంపించాడట. ఇంకో రెండు సొట్టలు పడ్డాయి. దాని పక్కన ఎల్లాజీ కూర్చుని ఉన్నాడు, మూడు రోజులుగా తల్లి మొహం చూడకుండా తిరిగినవాడు.

"అడగవేటి?" అన్నాడు.

"ఏటి అడగను? అన్నానికని పట్టుకెల్లి బోర్లించినావు. నాను ఇచ్చినాను. నా సేత్తో ఇచ్చినాను."

"నువ్వు సూసినన్నాళ్ళూ మూత పెట్టలేదమ్మా. ఇసుక్కున్నాను గానీ పెట్టలేదు. పరాయోళ్ళు సూత్తన్నారని పెట్టినాను."

"నాను తిన్నగా సూసుంటే నన్ను మార్సీవోరే కాదు. పదకొండు గంటలు మోగించినాను కదా."

తప్పు ఎవరిదో తేల్చుకోలేక ఇద్దరూ గిన్నెవైపు చూశారు. కాసేపటికి ఎల్లాజీయే దాన్ని తీసుకుని, సొట్టలు లోపలినుంచి రాయితో కొట్టడం మొదలుపెట్టాడు. సగంలో ఆపి, ఏదో తోచినట్టు, అలాగే చంకన పెట్టుకుని ఎర్రయ్య ఇంటివైపు వెళ్ళాడు.

వారం తిరిగాక బోటు మళ్ళీ నీళ్ళలో దిగింది. తెల్లారి ఎండ ఇంకా పసుపుగా ఉంది. పైడమ్మ ఒడ్డున నిలబడింది. నుదుటికి పట్టీ లేదు, ముందు తెర లేదు. బోటు ముక్కు దగ్గర ఎర్రయ్య కూర్చున్నాడు. వల లాగడానికి చెయ్యి పనికిరాదు, అందుకని వలవైపు వీపు పెట్టి, సముద్రం వైపు మొహం పెట్టి. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో. ముక్కున ఉన్న మేకుకు అన్నం గిన్నె వేలాడుతోంది.

"తమ్ముడూ, రెప్ప వాల్చకు," అని కేకేసింది పైడమ్మ.

"వాలిత్తే నీకెలా తెలుత్తాదిలే అప్పా," అన్నాడు ఎర్రయ్య, వెనక్కి తిరక్కుండానే.

బోటు అలలు దాటింది. ఎడమకు ఒరిగి లేచింది, మళ్ళీ ఒరిగింది. ఎండ కళ్ళలో పడే చోటికి వెళ్ళిపోయాక పైడమ్మ ఆ రోజునుంచి నేర్చుకుంటున్న పనిని ఇంకోసారి చేసి చూసింది. కళ్ళు మూసుకుంది. ఒక ఊపిరి. రెండోదానికి రెప్పలు లేవబోయాయి. వేళ్ళు అడ్డం పెట్టుకోకుండా మూడోదాకా ఆగగలదేమో అనుకుంటుండగా నీళ్ళ మీదనుంచి వినబడింది. మూడు మోతలు. ఆపు. మూడు మోతలు.

కళ్ళు తెరిచింది. బోటు ఉన్నచోటే ఉంది. అంత దూరం నుంచి కూడా ఎర్రయ్య ఎడంచెయ్యి పైకి లేచి దిగడం తెలుస్తోంది.

"మెల్లిగా కొట్టండ్రా," అంది పైడమ్మ, ఎవరికీ వినబడదని తెలిసే. "ఇప్పుటికే అందులో అన్నం సరిగా ఉడకట్లేదు."

గంపలు మోసుకొచ్చే ఆడవాళ్ళు పక్కనుంచి వెళ్ళిపోతున్నా, బోటు చుక్కై, చుక్క పొగలో కలిసిపోయినా, ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.